కిలోమీటరుకు పదకొండు రూపాయలు: ఆరేళ్లు దాటిన మా వ్యాగన్ ఆర్

మారుతి వ్యాగన్ ఆర్ గురించి ఎవరు అడిగినా మొదటి ప్రశ్న మైలేజీ ఎంత అనే. కంపెనీ చెప్పింది లీటరుకు 22.5 కిలోమీటర్లు, నాకు వస్తున్నది 18 చిల్లర. కారు కొన్న రోజు నుంచి ప్రతి ఖర్చూ రాసిన నోటుపుస్తకం నా దగ్గర ఉంది. అది తిరగేస్తే తెలిసేది ఏమిటంటే, కారు మీద మనం పెట్టే డబ్బులో మైలేజీ తేల్చేది సగం పైచిలుకు మాత్రమే. మిగతాది బీమా కాగితంలో, టైరు అంచున ఉన్న నాలుగు అంకెల్లో, సర్వీసు బిల్లు చివరి వరుసల్లో తేలుతుంది. అక్కడ యజమాని చేతిలో ఉన్నది చాలా ఎక్కువ. ఈ కారులో నాకు నచ్చింది కూడా అదే. దాన్ని అర్థం చేసుకోవడానికి, మన చేతులతో చూసుకోవడానికి అది అడ్డుపడదు.

నేను ఆగిరిపల్లి దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. నున్న మీదుగా రానూ పోనూ యాభై కిలోమీటర్ల పైమాటే. మామిడి కాయల కాలంలో నున్న మార్కెట్టు దగ్గర లారీల వెనక నిలబడాలి, వానాకాలంలో గుంతలు లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఆదివారాలు మా అత్తగారిని ఆస్పత్రికో గుడికో తీసుకెళ్లాలి. నెలకోసారి హైదరాబాదులో ఉన్న అమ్మాయి దగ్గరికి. కారు పని ఇదీ. దీని కోసం 2019 జులైలో ఒక లీటరు ఇంజిన్, వీఎక్స్ఐ అనే రకం, పెట్రోలుది, గేర్లు మనమే వేసుకునేది కొన్నాం. రోడ్డు మీదికి వచ్చేసరికి సుమారు 5 లక్షల 70 వేలయింది.

కారు సంగతి ముందు చెబుతాను. ఇది 2019 జనవరిలో వచ్చిన మూడో తరం. 998 సీసీ, మూడు సిలిండర్లు. పెట్రోలు ట్యాంకు 32 లీటర్లు, డిక్కీ 341 లీటర్లు. సీట్లు ఎత్తుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు ఈ కారులోకి వంగి దిగనక్కర్లేదు, పట్టుకుని ఎక్కనక్కర్లేదు. తలుపు తీసి అలా పక్కకు కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటారు. ఆవిడ వేరే వాళ్ల సెడాన్ ఎక్కాల్సి వచ్చినప్పుడు పడే అవస్థ చూసినవాళ్లకు ఈ ఒక్క గుణం విలువ తెలుస్తుంది. ముందు అద్దం పెద్దది, బానెట్ పొట్టిది, కాబట్టి సత్యనారాయణపురం సందుల్లో తిప్పడం తేలిక.

లోపాలూ ఉన్నాయి. సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు మూడు సిలిండర్ల వణుకు స్టీరింగులో తెలుస్తూనే ఉంటుంది. వంద దాటితే రోడ్డు చప్పుడు లోపలికి వస్తుంది. జాతీయ రహదారి మీద పక్కనుంచి బస్సు దూసుకుపోతే కారు కాస్త ఊగుతుంది, ఎత్తు కారు కదా. వీటన్నిటికంటే ముఖ్యమైనది భద్రత. కార్లను ఢీకొట్టించి భద్రత పరీక్షించే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ 2019లో ఈ కారుకు రెండు నక్షత్రాలిచ్చింది. 2023లో కఠినతరం చేసిన పరీక్షలో పెద్దవాళ్ల భద్రతకు ఒకటి, పిల్లల భద్రతకు సున్నా. మేం కొన్నప్పుడు అన్ని రకాల్లోనూ తప్పనిసరిగా ఇచ్చింది డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ ఒక్కటే. పక్క సీటుకూ కావాలంటే ఆప్షనల్ రకం తీసుకోవాలి. మేం ఆ నాలుగు డబ్బులూ ఎక్కువ పెట్టి అదే తీసుకున్నాం. 2025లో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాల్లోనూ ఇస్తామని కంపెనీ ప్రకటించింది. కొత్తది కొనేవాళ్లకు అది నిజమైన మెరుగుదల. నా దగ్గరున్న దానిలో ఎనభై దాటితే బీప్ వినిపిస్తుంది. ఆ బీప్ విని కాలు వెనక్కి తీసుకోవడమే ఈ కారుకు మనం చేయగల భద్రత అని నా అభిప్రాయం. హైవే మీద రోజూ వంద మీద తిరిగే పని ఉన్నవాళ్లు ఇంకా గట్టి కారు చూసుకోవడం మంచిది.

ఇక లెక్క. ఇప్పటికి సుమారు 80 వేల కిలోమీటర్లు తిరిగింది. మా వైపు పెట్రోలు లీటరు నూట పది రూపాయలకు అటూ ఇటూ. అంటే కిలోమీటరుకు ఆరు రూపాయలు. బీమా, సర్వీసు, టైర్లు, బ్యాటరీ, ఇతర చిల్లర అన్నీ కలిపి రెండు రూపాయలు. ఇంతవరకు అందరూ వేసే లెక్కే. ఎవరూ వెయ్యనిది తరుగుదల. 5 లక్షల 70 వేలు పెట్టిన కారుకు ఈ మధ్య ఒకరు 3 లక్షల 30 వేలు ఇస్తామన్నారు. తేడా 2 లక్షల 40 వేలు. ఎనభై వేల కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు మూడు రూపాయలు. మొత్తం పదకొండు.

ఆ మూడు రూపాయలు జేబులోంచి పోతున్నట్టు కనిపించవు కాబట్టి వాటి మీద ఎవరికీ పట్టింపు ఉండదు. లీటరుకు ఒక కిలోమీటరు ఎక్కువ రావాలని ఏవేవో సీసాలు కొని ట్యాంకులో పోసేవాళ్లను చూశాను. 18 కాస్తా 19 అయితే మిగిలేది కిలోమీటరుకు ముప్ఫై పైసలు. అదే మూడేళ్లకే కారు మార్చేసేవాళ్లు తరుగుదల రూపంలో కిలోమీటరుకు నాలుగు రూపాయలకు పైగా వదిలేసుకుంటున్నారు, ఎందుకంటే కారు ధర పడేది మొదటి ఏళ్లలోనే ఎక్కువ. బీమా కంపెనీలు కారు విలువ కట్టే పట్టికే చూడండి. మొదటి ఆరు నెలల్లోనే 5 శాతం తీసేస్తారు, ఏడాదికి 15, మూడో ఏడు నిండేసరికి 30, ఐదో ఏటికి 50 శాతం. దెబ్బ ముందే తినేసి, కారు నిలకడగా నడుస్తున్న ఏళ్లలో దాన్ని అమ్మేయడం కంటే నష్టం వేరే లేదు. ఆరో ఏడు నుంచి పదో ఏడు దాకా ఉన్న కాలమే చవకైనది. ఆ కాలాన్ని దక్కించుకోవడానికే మిగతా జాగ్రత్తలన్నీ.

టైర్లతో మొదలుపెడతాను. టైరు పక్కగోడ మీద డాట్ అని ఇంగ్లిషులో మూడక్షరాలుంటాయి. ఆ వరుస చివర చిన్న కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలు. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం ఇరవైమూడో వారంలో తయారైందని. రెండో సెట్టు టైర్లు కొనడానికి వెళ్లినప్పుడు ఒక షాపులో మంచి తగ్గింపు చెప్పారు. వంగి చూస్తే నాలుగు టైర్లలో రెండింటి మీద తేదీ రెండున్నరేళ్ల నాటిది. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతూనే ఉంటుంది. "ఇవి గోడౌనులోనే ఉన్నాయి మేడం, ఎండ కూడా తగల్లేదు" అన్నాడు ఆ అబ్బాయి. వద్దని లేచి ఇంకో షాపులో ఆ ఏటివే తీసుకున్నాను. నాలుగూ కలిపి పదహారు వేలయ్యాయి. మొదటి సెట్టు నలభై అయిదు వేల కిలోమీటర్లు వచ్చింది.

అంత దూరం రావడానికి కారణం గాలి. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద అంటించిన కాగితంలో ఉంటుంది. బంకులో కుర్రాడు అన్ని కార్లకూ ఒకే అంకె పెట్టి నింపేస్తాడు. ఆ కాగితం చూపించి అడగాలి. ఇంకా మంచిది, ఇంట్లో గాలి కొలిచే గేజ్ ఒకటి ఉంచుకోవడం. ఉదయం కారు కదలకముందు చూడాలి, నడిచిన టైరు వేడెక్కి ఎక్కువ చూపిస్తుంది. స్టెప్నీలో కూడా చూడాలి. నైట్రోజన్ పేరిట చెల్లించే డబ్బు మీద నాకు నమ్మకం లేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, వారం వారం గాలి చూసుకునేవాళ్లకు ఆ మిగిలిన భాగం తేడా చేయదు.

ఇంకొకటి చేత్తోనే తెలుస్తుంది. చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఇంజిన్ ఆపి, ముందు టైరు మీద అరచేయి ఆనించి లోపలి అంచు నుంచి బయటికి నెమ్మదిగా లాగండి, తర్వాత తిరుగుదిశలో. రెండు దిక్కులా ఒకేలా నున్నగా ఉంటే సరే. ఒక దిక్కున నున్నగా, రెండో దిక్కున రంపపు పళ్లలా గీరుకుంటుంటే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణం, తప్పిందని. కంటికి కనబడటానికి నెలల ముందే చేతికి తెలుస్తుంది. నున్న రోడ్డు గుంతల పుణ్యమా అని నేను నెలకోసారి ఇది చూస్తాను. అలైన్‌మెంటుకు అయ్యే కొన్ని వందలు టైరుకు వేల కిలోమీటర్లు కలిపి ఇస్తాయి. గాడుల మధ్య చిన్న దిమ్మెలుంటాయి, రబ్బరు అరిగి వాటితో సమమైతే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. వానాకాలానికి ముందు అంతదాకా రానివ్వకూడదు.

సర్వీసు దగ్గర డబ్బు ఎక్కువగా పోయేది అవసరమైన పనులకు కాదు. మా కారుకు కంపెనీ ఇచ్చిన వారంటీ రెండేళ్లు లేదా నలభై వేల కిలోమీటర్లు. అది ఉన్నంతకాలం అధీకృత సర్వీసు కేంద్రానికే వెళ్లాను, వెళ్లాలి కూడా. అక్కడ జాబ్ కార్డు రాసేటప్పుడు వరుసగా చదువుతూ పోతారు: ఇంజిన్ ఫ్లషింగ్, థ్రాటల్ బాడీ క్లీనింగ్, ఏసీ శుద్ధి, అడుగుభాగానికి కోటింగు, లోపల పాలిషింగ్. ఒక్కొక్కటీ ఆరేడు వందల నుంచి మొదలవుతుంది. అన్నిటికీ తల ఊపితే నాలుగు వేల సర్వీసు తడిసి మోపెడై తొమ్మిది వేలవుతుంది. నేను చేసేది ఒకటే. కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో నిర్వహణ పట్టిక ఉంది. పదివేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అది, ఏమేం మార్చాలో, ఏమేం చూసి వదిలేయాలో అందులో అచ్చయి ఉంది. ఆ పేజీ తెరిచి బల్ల మీద పెడతాను. "పట్టికలో ఉన్నవి చేయండి బాబూ. మిగతా వాటికి కారణం కనిపిస్తే ఫోను చేసి చెప్పండి" అంటాను. ఎవరూ కాదనలేదు. మార్చిన పాత సామాను డిక్కీలో పెట్టమని కూడా ముందే చెప్పి జాబ్ కార్డు మీద రాయిస్తాను.

వారంటీ అయిపోయాక ఆటోనగర్ బాట పట్టాను. విజయవాడ ఆటోనగర్ పేరు లారీ బాడీల వల్ల వచ్చిందే అయినా కార్లకూ అక్కడ చెయ్యి తిరిగినవాళ్లున్నారు. మా మెకానిక్‌ది గేటు నుంచి కాస్త లోపలికి వెళ్తే వచ్చే రేకుల షెడ్డు. ఆయన పద్ధతి నాకు నచ్చింది: సామాను నన్నే కొనుక్కురమ్మంటాడు. కంపెనీ సామాను పెట్టె మీద ధర ముద్రించే ఉంటుంది, కాబట్టి దాచడానికి ఏమీ ఉండదు. ఆయనకు ఇచ్చేది పనికి కూలీ మాత్రమే. ఇంజిన్ ఆయిల్ కూడా పుస్తకంలో రాసిన గ్రేడే, మూత తీయని డబ్బా, నా ముందే తెరవాలి.

ఒకసారి పికప్ తగ్గినట్టుందని చెప్పాను. ఆయన బానెట్ ఎత్తి, ఏ మిషనూ పెట్టకుండా, ఎయిర్ ఫిల్టర్ పెట్టె క్లిప్పులు తీసి ఫిల్టర్ నా చేతికిచ్చాడు. తెల్లగా ఉండాల్సిన మడతలు ఇటుక రంగులో ఉన్నాయి. వేలితో మడత విప్పితే ధూళి జలజలా రాలింది. లోపల ఎండుటాకుల ముక్కలు. "మీరు తిరిగే రోడ్డు పట్టణం రోడ్డు కాదు మేడం. పుస్తకంలో రాసింది నగరాలకు. దుమ్ములో తిరిగే బండికి దీన్ని ముందే మార్చాలి" అన్నాడు. పుస్తకం చూస్తే నిజమే, దుమ్ము ప్రాంతాలకు పట్టిక వేరుగా ఉంది. ఆ ఫిల్టర్ మూడు వందల పైచిలుకు. విప్పి బిగించడానికి పనిముట్టు అక్కర్లేదు. అప్పటి నుంచి నేనే చూసుకుంటాను, మామిడి సీజను అయిపోగానే మార్చేస్తాను. చిన్న కారు సొంతం చేసుకోవడంలో ఉన్న సుఖం ఇలాంటి చోట తెలుస్తుంది. బానెట్ ఎత్తితే చేతికందే చోట అన్నీ ఉంటాయి: కూలెంట్ డబ్బా, బ్రేక్ ఆయిల్ డబ్బా, ఆయిల్ కొలిచే కడ్డీ, బ్యాటరీ. ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు కాకుండా చెయిన్ ఉంటుంది కాబట్టి ఇన్ని వేలకోసారి బెల్టు మార్చాలన్న ఖర్చు లేదు. ఆయిల్ మాత్రం వేళకు మార్చాలి, చెయిన్ ఆయువు దాని మీదే ఆధారపడి ఉంది.

బ్యాటరీ గురించి ఒక మాట. కారుతో వచ్చినది నాలుగేళ్లు దాటి నడిచింది. కొత్తది తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్ తీసుకున్నాను. పాత బ్యాటరీలో సీసం ఉంటుంది, దానికి విలువ ఉంది. బిల్లులో ఆ మొత్తం తగ్గించారో లేదో చూసుకోవాలి. అడగకపోతే కొన్ని షాపులవాళ్లు ఊరకే లోపల పెట్టేసుకుంటారు.

ఇప్పుడు బీమా. నేను అందరికంటే ఎక్కువగా మాట్లాడాలనుకునేది దీని గురించే, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా గడువు ముందురోజు రాత్రి ఫోనులో ఏది చవకగా కనిపిస్తే దాన్ని నొక్కేస్తారు. ప్రీమియంలో రెండు భాగాలు. మొదటిది థర్డ్ పార్టీ, అంటే మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టేది, దాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ నుంచి వెయ్యి సీసీ లోపు కార్లకు 2,094 రూపాయలు, వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ దాకా 3,416. మా కారు 998 సీసీ. ఇదే కారులో 1.2 లీటర్ల ఇంజిన్ తీసుకుని ఉంటే కేవలం ఆ కారణంగా ఏటా 1,322 రూపాయలు, దాని మీద జీఎస్టీ అదనంగా కట్టేదాన్ని. షోరూములో ఎవరూ చెప్పని తేడా ఇది.

రెండో భాగం మన కారు నష్టానికి కట్టేది. నో క్లెయిమ్ బోనస్ వర్తించేది దీని మీదే. వరుసగా క్లెయిము లేని ఏళ్లకు 20, 25, 35, 45, ఆపై 50 శాతం తగ్గింపు. ఒక్క క్లెయిము చేస్తే మళ్లీ సున్నా నుంచి ఎక్కాలి. మా బడి ప్రహరీ గోడకు రాసుకుని వెనక బంపర్ గీరుకుపోయినప్పుడు "బీమా ఉందిగా టీచర్ గారూ, ఎందుకు చేతి డబ్బు" అన్నారు తోటివాళ్లు. అక్కడే బల్ల మీద సుద్దముక్కతో లెక్క వేశాను. యాభై శాతం తగ్గింపులో ఉన్న మనిషి క్లెయిము చేస్తే వచ్చే ఏడాది తగ్గింపు సున్నా, అంటే 50 శాతం నష్టం. ఆపై ఏడాది 20 వస్తుంది, నష్టం 30. తర్వాతి ఏళ్లలో నష్టం 25, 15, 5. అయిదేళ్లకు మొత్తం నష్టం 125 శాతం. బోనస్ తీసేయకముందు సొంత నష్టం ప్రీమియం అయిదు వేలనుకుంటే, పోగొట్టుకునేది సుమారు 6,250. పైగా ప్రతి క్లెయిములో మన వాటాగా తప్పనిసరిగా వెయ్యి రూపాయలు కోస్తారు. జీరో డెప్, అంటే సామాను ధరలో తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు రక్షణ, లేకపోతే ప్లాస్టిక్ సామానుకు సగమే ఇస్తారు. ఆటోనగర్‌లో ఆ బంపర్ సరిచేసి రంగు వేయడానికి అయింది మూడున్నర వేలు. చేతి డబ్బే పెట్టాను. యాభై శాతం తగ్గింపులో ఉన్నవాళ్లు బోనస్ తీసేయకముందు తమ సొంత నష్టం ప్రీమియం తీసుకుని ఒకటింబావుతో గుణిస్తే, అంతకంటే తక్కువ మరమ్మతుకు క్లెయిము ఎందుకు వద్దో తెలిసిపోతుంది.

ఆ బోనస్ కారుది కాదు, యజమానిది. కారు అమ్మి కొత్తది కొంటే దాని మీదికి తెచ్చుకోవచ్చు. పాలసీ గడువు దాటి తొంభై రోజుల్లోగా కట్టకపోతే మాత్రం పోతుంది. ఇంకో సంగతి: చవకగా కనిపించే పాలసీల్లో కారు విలువను తగ్గించి చూపిస్తారు. ప్రీమియం మూడు వందలు తగ్గడం కోసం విలువ నలభై వేలు తగ్గించుకుంటే కారు పోయిన రోజున ఆ నలభై వేలూ మనవి కావు.

ఇక వరద. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం నీళ్లలో రోజుల తరబడి ఉండిపోయాయి. నా తోటి ఉపాధ్యాయిని ఒకరిది సింగ్‌నగర్. ఆవిడ కారు కిటికీల దాకా మునిగింది. నీళ్లు తీశాక ఇంట్లో కుర్రాళ్లు తాళం తిప్పి చూద్దామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఫోటోలు తీసి, బ్యాటరీ తీగ విప్పించి, బీమావాళ్లకు చెప్పి, లాక్కెళ్లే బండి వచ్చేదాకా కారును ముట్టనివ్వలేదు. అదే కారును కాపాడింది. ఇంజిన్‌లోకి నీరు చేరి ఉండగా స్టార్ట్ చేస్తే పిస్టన్ నీటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. వరద నష్టం సమగ్ర బీమాలో ఉన్నా, అలా స్టార్ట్ చేసి తెచ్చుకున్న ఇంజిన్ నష్టం మామూలు పాలసీలో రాదు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు రక్షణ వేరే తీసుకోవాలి. మా కారుకు దానికయ్యేది కొన్ని వందలే. బెజవాడలో పల్లపు ప్రాంతంలో ఉండేవాళ్లు రోడ్డు సహాయం, తాళాల నష్టం లాంటివి వదిలేసినా దీన్ని వదలకూడదని గట్టిగా చెబుతాను.

టోలు గురించి త్వరగా. 2025 ఆగస్టు 15న ఫాస్టాగ్ వార్షిక పాసు మొదలైనప్పుడు ధర 3,000 రూపాయలు. సొంత కార్లకు జాతీయ రహదారుల టోల్ గేట్లలో ఏడాది లేదా 200 దాటింపులు, ఏది ముందైతే అది. విజయవాడ నుంచి హైదరాబాదుకు చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి అని మూడు గేట్లు. రానూ పోనూ ఆరు దాటింపులు. నెలకోసారి వెళ్లే నాకు ఏడాదికి 72. ఆ ధరకు దాటింపుకు 42 రూపాయలు పడింది, మామూలు టోలు అంతకంటే ఎక్కువే. గుంటూరు వెళ్లేటప్పుడు కాజ గేటు కూడా ఇందులోకే వస్తుంది కాబట్టి ఇంకా కలిసొస్తుంది. ఏడాదికి రెండుసార్లు హైదరాబాదు వెళ్లేవాళ్లకు అక్కర్లేదు. హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు మీద ఈ పాసు చెల్లదని గుర్తుంచుకోవాలి.

కారు ఖర్చు తగ్గించడానికి నేను చేసిన పనుల్లో అన్నిటికంటే పెద్ద ఫలితమిచ్చింది ఖాళీ సీట్లు నింపడం. మా బడిలోనే పనిచేసే ఇద్దరు మేడమ్‌లు రోజూ నాతో వస్తారు. రోజుకు పెట్రోలు మూడు వందలు, ముగ్గురం తలా వంద. బస్సు కోసం నిలబడే సమయం మిగిలింది వాళ్లకు, పెట్రోలు ఖర్చులో మూడింట రెండు వంతులు మిగిలింది నాకు. ఏ సీసా మందూ, ఏ డ్రైవింగ్ చిట్కా ఇంత మిగల్చదు. దీనికి ఒక్క నియమం ముందే పెట్టుకున్నాం: నెలాఖరున లెక్క, మొహమాటం లేకుండా. సమయానికి ఎవరు రాకపోయినా అయిదు నిమిషాలకు మించి ఆగము. ఆరేళ్లలో మా మధ్య మాట తేడా రాకపోవడానికి ఆ నియమమే కారణం.

సామాన్ల విషయంలో నా మాట పొదుపే. మంచి రబ్బరు మ్యాట్లు, గాలి నింపుకునే చిన్న పంపు, ముందు అద్దానికి ఎండ అడ్డు తెర, ఇవి మూడూ డబ్బుకు తగినవి. మే నెల బెజవాడ ఎండలో తెర వేసిన కారుకూ వేయనిదానికీ డాష్‌బోర్డు ముట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. ముందు ఇనుప గార్డు పెట్టించకండి. అది నిబంధనలకు విరుద్ధం, ఢీకొన్నప్పుడు దెబ్బను నేరుగా చట్రానికి చేరుస్తుంది. సీఎన్‌జీ రకం గురించి అడుగుతుంటారు. విజయవాడలో గ్యాసు దొరుకుతుంది, కిలోమీటరు ఖర్చు తగ్గుతుంది. కాని సిలిండరు డిక్కీలో చాలా భాగం తినేస్తుంది. మా అత్తగారి చక్రాల కుర్చీ పెట్టుకోవాల్సిన నాకు అది కుదరదు. రోజుకు డెబ్బై ఎనభై కిలోమీటర్లు ఒంటరిగా తిరిగేవారికి కుదురుతుంది.

చివరిగా కాగితాలు, అమ్మేటప్పుడు ధర పలికించేవి ఇవే. అప్పు తీరాక బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో హైపోథికేషన్, అంటే కారు బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు, కొట్టివేయించాలి. అప్పు తీరింది కదా అని చాలామంది దీన్ని వదిలేస్తారు, అమ్మబోయే రోజున బ్యాంకు శాఖ చుట్టూ తిరుగుతారు. ప్రతి సర్వీసు బిల్లూ, ఆటోనగర్‌లో కొన్న సామాను రసీదులతో సహా, ఒక ఫైలులో తేదీల వరుసన పెట్టాను. రెండో తాళం ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఈ మధ్య ధర చెప్పినాయన మొదట 2 లక్షల 95 వేలు అన్నాడు. ఫైలు చేతిలో పెట్టాక కూర్చుని ఒక్కో కాగితం తిప్పి 3 లక్షల 30 వేలకు వచ్చాడు. నేను అమ్మడానికి వెళ్లలేదు, విలువ తెలుసుకోవడానికి వెళ్లాను. ఏడాదికోసారి అలా అడిగి నోటుపుస్తకంలో రాస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కొత్తదాని ధర తగ్గితే పాతదాని ధరా కిందికి దిగుతుంది. అమ్మేవాళ్లు ఆ సంగతి మనసులో పెట్టుకోవాలి.

అదే కారణంగా పాత వ్యాగన్ ఆర్ కొనేవాళ్లకు ఇది మంచి కాలం. చూడబోయేవాళ్లు మీటరు అంకె నమ్మకండి. స్టెప్నీతో కలిపి అయిదు టైర్ల మీద తేదీలు చదవండి. పాతిక వేలే తిరిగిందంటున్న కారుకు నాలుగు టైర్లూ కొత్త తేదీవైతే కారణం అడగండి. క్లచ్ పెడల్ మీద రబ్బరు ఎంత అరిగిందో చూడండి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. వరదలో మునిగిన కారైతే బెల్టు అడుగున బురద గీత ఇంకా ఉంటుంది, ఎంత కడిగినా అక్కడిదాకా ఎవరి చెయ్యీ వెళ్లదు. కారు మీ పేరుకు మారేదాకా మొత్తం డబ్బు ఇవ్వకండి. యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాక, రవాణా శాఖ వెబ్‌సైటులో మీ పేరు కనిపించాకే చివరి విడత ఇవ్వండి.